పాత డ్రమ్ సెట్టు మాకు నేర్పిన పాఠము

(డయోసిస్ శతజయంతి ఉత్సవముల సందర్భమున యౌవనుల, గాయక బృందముల కూడికలో చేసిన ప్రసంగము)



ఆరాధనలో సంగీతమును గూర్చి మాటలాడవలెనని నిర్వాహకులు మమ్మును కోరారు. రాగ తాళములను గూర్చి చెప్పుటకు మాకంటె అర్హులు ఈ సభలో అనేకులున్నారు. కనుక మేము ఒక చిన్న సంగతి మాత్రమే చెప్పదలచాము. మా సంఘములో ఏళ్ళ తరబడి మూలబడి ఉన్న ఒక డ్రమ్ సెట్టును గత సంవత్సరము మేమంతా కలిసి బాగుచేశాము. ఆ పనిలో మేము ఏమి పాడుచేశామో, ఏమి నేర్చుకొన్నామో దాపరికము లేకుండా మీ ముందుంచుతాము.

సోంపేట, కవిటి, కంచిలి వైపు ఊళ్ళలో ఓడల మీద పనికి వెళ్ళే కుటుంబములు మీకు తెలియనివి కావు. అట్టి ఓడ పనివాడైన మా సంఘ సభ్యుడు ఒకరు విదేశపు రేవులో చేతులు మారిన ఒక డ్రమ్ సెట్టును కొని, 1984 క్రిస్మసుకు దేవాలయమునకు కానుకగా ఇచ్చారు. అది చెక్కతో చేసినది కాదు. నీలిరంగు గాజువలె ఉండి, ఇవతల నుండి చూస్తే అవతలి దీపము కనిపించేది. క్రిస్మసు రాత్రి పిల్లలు పాటలు వినుట మాని, ఆ డ్రమ్ముల వెనుక చేతులు పెట్టి వేళ్ళు లెక్కపెట్టుకొనేవారని పాతవారు నేటికీ చెప్పుకొంటారు.

చూచుటకు గాజే గాని అది అక్రిలిక్. నేడు మన బజారులో దుకాణాల పేర్ల అక్షరములు దేనితో కోస్తున్నారో అదే పదార్థము. 1930ల నుండి పెర్‌స్పెక్స్, ప్లెక్సీగ్లాస్ అను పేర్లతో అమ్ముడైనది. రెండవ ప్రపంచ యుద్ధములో విమానము నడిపేవాని తలపై అద్దముగా నిలిచినది ఇదే. తరువాత అమెరికాలో బిల్ జికోస్ అను డ్రమ్ వాయిద్యకారుడు దీనితో డ్రమ్ములు చేశాడు. 1909 లో షికాగోలో స్థాపించబడిన లడ్విగ్ కంపెనీ వారు 1972 లో విస్టాలైట్ అను పేరుతో రంగురంగుల అక్రిలిక్ డ్రమ్ములను బజారులో పెట్టారు. 1973 లో న్యూయార్కులో లెడ్ జెపెలిన్ బృందపు కచేరీలలో జాన్ బోనమ్ వాయించినది తేనెరంగు విస్టాలైట్. యౌవనులకు ఈ పేర్లు మాకంటె బాగుగా తెలుసును. మా ఊరికి వచ్చినది ఆ జాతి సెట్టే. 22 అంగుళాల బేస్ డ్రమ్ము, 12, 13, 16 అంగుళాల టామ్ డ్రమ్ములు, 14 అంగుళాల స్నేర్ డ్రమ్ము, రెండు కంచు తాళములు అందులో ఉన్నవి.

పన్నెండేళ్ళు అది దేవాలయములో మ్రోగినది. ఆ పన్నెండేళ్ళూ దాని మీద వాదము కూడ మ్రోగినది. కొందరు పెద్దలు ఇది పరదేశపు వాద్యము, సినిమా వాద్యము అన్నారు. యౌవనులు మీ హార్మోనియము మాత్రము ఎక్కడ పుట్టినదని అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. హార్మోనియము ఫ్రాన్సు దేశములో పుట్టినది. వయొలిను కూడ పడమటి నుండి వచ్చినదే. ఆ వయొలినుతో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు విజయనగరానికి ఎంత కీర్తి తెచ్చారో మనకు తెలుసును. 1919 లో ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి అధ్యక్షులుగా ప్రారంభమైన విజయనగరపు సంగీత కళాశాలలో ఆ పరదేశపు వాద్యము మన ఇంటి బిడ్డయినది. డప్పు, తప్పెటగుళ్ళు ఈ నేలవే గదా. రొమ్మున తప్పెట కట్టుకొని గంతులు వేసి వాయించే జిల్లాలలో పుట్టిన మనకు డ్రమ్ము శబ్దము కొత్త కాదు.

ఇంకొక మాట. నిర్గమకాండము 15వ అధ్యాయములో సముద్రము దాటిన తరువాత మిర్యాము చేతబట్టినదానిని, 150వ కీర్తనలో స్తుతికి పిలువబడిన వాద్యములలో ఒకదానిని మన తెలుగు బైబిలు తంబుర అంటుంది. తంబుర అనగానే మనకు తీగెలు గుర్తుకు వస్తవి. హెబ్రీ భాషలో ఉన్న మాట తోఫ్. అది చేతితో కొట్టే తోలు వాద్యము, మన కంజిరకు దగ్గరి చుట్టము. కనుక డ్రమ్ము దేవుని సన్నిధికి తగదని వాక్యమును బట్టి చెప్పలేము.

అయితే పెద్దల బాధలో కూడ నిజమున్నది. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) మొదలుకొని మన కీర్తనకారులు రాగము, తాళము కట్టి పాటలు వ్రాసినది మాట వినబడుటకే. అక్షరము రాని మన ముత్తవ్వలకు కీర్తనే వేదపుస్తకము. అక్రిలిక్ డ్రమ్ము గొంతు పెద్దది, కరకుగా ఉంటుంది. కాంక్రీటు కప్పు క్రింద అది మ్రోగినప్పుడు చరణములోని మాట మునిగిపోయేది. వినికిడి తగ్గిన ముసలివారికి అది మరీ కష్టము. యౌవనులు ఈ బాధను పట్టించుకొనలేదు. పెద్దలు దానిని మెల్లగా చెప్పలేదు.

1996 లో ఒక ఆదివారము, ఆరాధన కాగానే ఒక పెద్దాయన సంఘమంతటి ఎదుట డ్రమ్ము వాయించే యౌవనుని పట్టుకొని కఠినమైన మాట అన్నారు. ఆ మాట ఇక్కడ తిరిగి చెప్పుట అనవసరము. ఆ యౌవనుడు కర్రలు రెండూ డ్రమ్ము మీద పెట్టి బయటకు వెళ్ళాడు. మరల రాలేదు. సెట్టును వెనుక రేకుల గదిలో పెట్టి తాళము వేశారు.

ఆ తాళమును మనుష్యులెవరూ తీయలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస ప్రాంతమున తీరము దాటిన తిత్లీ తుపాను తీసినది. గది మీది రేకులు లేచిపోయినవి. ఒక దూలము బేస్ డ్రమ్ము మీద పడినది. ఆ రోజులలో కొబ్బరి, జీడి తోటలు పోయి, ఇండ్లు పోయి జనము ఏడుస్తుంటే డ్రమ్ముల సంగతి ఎవరికి కావాలి? టార్పాలిను కప్పి ఊరుకొన్నారు. ఆ తరువాత మేము ఆ సంఘమునకు కాపరిగా వచ్చాము. శతజయంతి దగ్గర పడగా యౌవనులు ఎలక్ట్రానిక్ ప్యాడ్లు కొనమని అడిగారు. ధర విన్న కమిటీవారు తలలు వంచుకొన్నారు. అప్పుడు ఒక ఆడపిల్ల లేచి, ఉన్నదానిని ఒకసారి చూడరాదా అన్నది.

టార్పాలిను తీసి చూస్తే నీలిరంగు కనబడలేదు. బూజు, బల్లి గుడ్లు, తుప్పు, తెల్లని గీతలు. అయినా ఒక మూల వ్రేలితో రుద్దగా ఆ నీలము మెరిసినది. మాకు ఉత్సాహము ఆగలేదు.

ఇక్కడ మా తప్పు చెప్పవలెను. వేదాంత కళాశాలలో మాకు గ్రీకు, హెబ్రీ నేర్పారు గాని స్పిరిటును దేనికి తగిలించరాదో నేర్పలేదు. మురికి త్వరగా పోవునని తలంచి, మేమే స్వయముగా, ఎవరినీ అడుగకుండా, ఇంజెక్షన్లకు వాడే స్పిరిటు తెచ్చి దూదితో 13 అంగుళాల టామ్‌ను తుడిచాము. సాయంత్రము అద్దమువలె మెరిసినది. మెచ్చుకొన్నవారికి చిరునవ్వు కూడ నవ్వాము. తెల్లవారి చూస్తే ప్రతి మర చుట్టూ తల వెంట్రుకల వంటి సన్నని పగుళ్ళు వందలుగా వచ్చి ఉన్నవి.

కారణము తరువాత తెలిసినది. అక్రిలిక్ రేకును వేడిచేసి గుండ్రముగా వంచుతారు, అతుకుతారు, మరల కొరకు రంధ్రములు చేస్తారు. ఆ వంపులో, ఆ రంధ్రముల చుట్టూ ఒక బిగింపు లోపల ఉండిపోతుంది. కంటికి కనబడదు. ఏళ్ళ తరబడి ఓర్చుకొంటుంది. స్పిరిటు, థిన్నరు, పెట్రోలు, నెయిల్ పాలిషు తీసే ద్రవము, అద్దములు తుడిచే అమ్మోనియా మందు, వీటిలో ఏది తగిలినా ఆ బిగింపు పగుళ్ళుగా బయటపడుతుంది. ఒకసారి వచ్చిన ఆ గీతలు లోపలివి. ఎంత రుద్దినా పోవు.

ఇక ఆ సెట్టును ఎరిగినవాడు కావాలి. అట్టివాడు ఊరిలో ఒక్కడే ఉన్నాడు. 1996 లో బయటకు వెళ్ళిన ఆ సహోదరుడు. ఇప్పుడు యాభై దాటినవి. ఆటో నడుపుకొంటున్నారు. మేము రెండుసార్లు వారి ఇంటికి వెళ్ళాము. "ప్రార్థన చెయ్యండి అయ్యగారూ, కాదనను. డ్రమ్ముల ఊసు మాత్రం ఎత్తకండి" అని పంపివేశారు. మూడవసారి మాటలు మాని, పగిలిన టామ్‌ను గుడ్డలో చుట్టి తీసుకొని వెళ్ళాము. వారు దానిని వెలుగుకు ఎత్తి చూచారు. చాలాసేపు చూచారు. "ఏటండీ అయ్యగారూ, స్పిరిట్ రాసీసినారా? నీళ్ళూ సబ్బూ తప్ప మరేదీ తగలనీయొద్దని ఆ ఓడ బాబు నాకు అప్పుడే చెప్పినాడు గదా" అన్నారు. మేము తల వంచుకొన్నాము. కాసేపటికి, "గుడికి రాను. షెడ్డుకి వస్తాను" అన్నారు.

వారు వచ్చిన తరువాత పని పనివలె సాగినది. మీ సంఘములలో ఎవరికైనా పనికివచ్చునేమోనని వివరముగా చెప్పుతున్నాము.

మొదట విప్పుట. ఏ డ్రమ్ము మరలు ఆ డ్రమ్ముకే వేరుగా హార్లిక్స్ సీసాలలో వేసి, సీసా మీద అంకె వ్రాశాము. తరువాత కడుగుట. గోరువెచ్చని నీరు, కొద్దిగా సబ్బు, తడి నూలు గుడ్డ. పొడి గుడ్డతో దుమ్ము దులిపితే ఆ దుమ్ములోని ఇసుకే గీతలు గీస్తుంది.

గీతలు పోగొట్టుటకు కార్ల షెడ్డులో దొరికే వాటర్ పేపరు వాడాము. 800 అంకెతో మొదలుపెట్టి 1000, 1500, 2000 వరకు, నీరు పోస్తూ, తొందరపడక రుద్దాలి. ఒక్కొక్క అంకెకు ముందు పేపరు గీసిన గీతలు పూర్తిగా పోయిన తరువాతనే తదుపరి పేపరు పట్టుకోవాలి. ఆ మీదట పాలిషు. మిషను పెట్టవద్దని ఆ సహోదరుడు గట్టిగా చెప్పారు. వేడికి అక్రిలిక్ మెత్తబడి మసకబారుతుంది. కాబట్టి చేతులతోనే చేశాము. ఆరు వారాలు పట్టినది.

ఇనుప వలయములకు, మరలకు పట్టిన తుప్పును డ్రమ్ముకు దూరముగా తీసికొనిపోయి, తడిపిన అల్యూమినియము కాగితముతో రుద్ది, కుట్టు మిషను నూనె పెట్టాము. మరకు, డ్రమ్ముకు మధ్య సైకిలు ట్యూబు ముక్కలు పెడదామని ఒకరన్నారు. రబ్బరు మరక పడునని నైలాను వాషర్లు తెప్పించాము.

డ్రమ్ము అంచు సమముగా ఉన్నదా లేదా చూచుటకు మనకు టెక్కలి గ్రానైటు ఉండగా లోటేమి? నునుపైన పలక మీద డ్రమ్మును బోర్లించి, లోపల దీపము పెట్టి, చీకటిలో చూశాము. వెలుగు ఎక్కడ సన్నగా కారితే అక్కడ అంచు దిగిపోయినదన్నమాట. పైన బిగించే చర్మము నేడు చర్మము కాదు. 1950ల చివర నుండి పాలియెస్టర్ పొర వాడుకలోకి వచ్చినది. మన సముద్రపు గాలికి తోలు సాగినట్లు అది సాగదు. కొత్త పొరలు మాత్రము కొనక తప్పలేదు.

ఇక పెద్ద చిక్కు బేస్ డ్రమ్ము. దూలము పడినచోట జానెడు పగులు ఉన్నది. వాయించిన ప్రతిసారీ అది మరికొంత సాగుతుంది. అక్రిలిక్ అక్షరములు కోసే ఒక బోర్డు పనివానిని పిలిచాము. అతడు మన సంఘమువాడు కాడు. కూలి తీసుకొన్నాడు గాని మనసు పెట్టి చేశాడు. మేము పగులును మూసివేయుమని అడిగాము. అతడు తల అడ్డముగా ఊపి, మొదట పగులు ఎక్కడ ఆగినదో వెదకి, సరిగా ఆ చివర చిన్న రంధ్రము చేశాడు. బాగున్నచోట ఇంకొక రంధ్రము చేయుచున్నాడే అని మాకు గుండె జారినది. "పగులు కొస సూదిలా ఉంటాది అయ్యగారూ. ఆ సూదే ముందుకి పోతాది. గుండ్రంగా సేసీస్తే ఇంక పోదు" అన్నాడు. రంధ్రము చేయుటకు ముందు డ్రిల్లు మొనను రాతి మీద అరగదీసి మొద్దు చేశాడు. పదునైన మొన అక్రిలిక్‌ను కొరికి పెచ్చులు లేపుతుందట. నీటి చుక్కలు వేస్తూ, మెల్లగా త్రిప్పాడు. ఆ తరువాతనే, ఆరుబయట, పిల్లలను దూరముగా పంపి, బోర్డు పనివారు అతుకుటకు వాడే క్లోరోఫారమును సిరంజితో పగులులోనికి వదిలాడు. అది తనంతట తానే సందులోనికి ప్రాకి రెండు అంచులను కరగించి ఒకటి చేసినది. వారము రోజులు ముట్టుకొనవద్దన్నాడు. మేము ముట్టుకొనలేదు. అంతకు ముందు స్పిరిటుతో నేర్చుకొన్న బుద్ధి అప్పుడు పనికివచ్చినది.

ఈ పని జరుగుచుండగా ఒక సాయంత్రము షెడ్డు గుమ్మములో ఎవరో నిలువబడిన నీడ పడినది. మనవని భుజము పట్టుకొని ఆ పెద్దాయన వచ్చారు. 1996 లో ఆ మాట అన్నది వారే. ఇప్పుడు ఎనభై దాటినవి. చంకలో మడత పెట్టిన పాత నూలు పంచె ఉన్నది. దానిని బల్ల మీద పెట్టి, "కొత్త గుడ్డ గీతలు గీస్తాదంట గదా. ఇది బాగా నలిగింది, మెత్తగుంటాది" అన్నారు. అంతకంటె ఏమీ అనలేదు. షెడ్డులో ఎవరూ మాటలాడలేదు. ఆ సహోదరుడు పంచె వైపు చూచి, పెద్దాయన వైపు చూచి, దానిని నాలుగు ముక్కలుగా చింపారు. ఒక ముక్క మా చేతికి ఇచ్చి, ఒక ముక్కతో తాను తుడుచుట మొదలుపెట్టారు. పెద్దాయన చీకటి పడువరకు ఆ బల్ల మీదనే కూర్చున్నారు.

అది క్షమాపణయేనా అని మీరు అడుగవచ్చు. నోటితో అడుగవలసినది నోటితోనే అడుగవలెనని మేము ప్రసంగ పీఠము మీద నుండి అనేకసార్లు చెప్పాము. ఇప్పటికీ అదే చెప్పుతాము. అయితే ఆ సాయంత్రము వారిద్దరి మధ్యకు వెళ్ళి, చేతులు కలపండి, ప్రార్థన చేద్దాము అనుటకు మాకు ధైర్యము చాలలేదు. స్పిరిటు పూసిన చేయి గదా మాది. ఆ పగులును తొందరగా మెరిపించబోతే ఏమగునో మాకు తెలిసినది.

ప్రియులారా, ఇంతసేపు చెప్పినది ఈ ఒక్క మాట కొరకే. మన సంఘములలో ప్రతి మనిషి లోపల కంటికి కనబడని బిగింపు ఒకటి ఉంటుంది. ఇంటి కష్టము, కులపు గాయము, చదువు లేదన్న చిన్నతనము, పోయిన బిడ్డ జ్ఞాపకము. పైకి నునుపుగా కనబడతారు. ఏళ్ళ తరబడి ఓర్చుకొంటారు. మనము శుభ్రము చేయుచున్నామని తలంచి పదిమందిలో ఒక ఘాటైన మాట పూస్తాము. ఆ క్షణమునకు సంఘము క్రమములో పడినట్లు మెరుస్తుంది. తెల్లవారి చూస్తే పగుళ్ళు. ఇరవై ఎనిమిదేళ్ళు పూర్తి అయిన తరువాత కూడ ఆ పగులు కొస ముందుకు పోవుచునే ఉన్నది. ఆ సహోదరుని పిల్లలు సంఘములో పెరుగలేదు. వారి పెండ్లిండ్లు మన దేవాలయములో జరుగలేదు.

పగులును లేనట్లు కప్పిపుచ్చుట బాగుచేయుట కాదు. ముందు అది ఎక్కడివరకు పోయినదో వెదకవలెను. అక్కడ ఆపవలెను. ఆపుటకు మనము కూడ కొంత నొప్పి పడవలెను. ఆ తరువాత అంటించి, వేచి ఉండవలెను. ఆ బేస్ డ్రమ్ము మీద రంధ్రము నేటికీ కనబడుతుంది. మా 13 అంగుళాల టామ్ మీద వెంట్రుక గీతలు నేటికీ ఉన్నవి. వేరొకటి తెప్పిద్దామని యౌవనులన్నారు. మేము వద్దన్నాము. ఆరాధనలో కూర్చున్న ప్రతి ఆదివారము కాపరి కంటికి ఆ గీతలు కనబడుట మంచిది.

పునరంకితమునాడు ఆ సహోదరుడు వాయించలేదు. ఉన్నదానిని చూడుమన్న ఆ ఆడపిల్లకు నేర్పి, ఆమె చేత వాయింపజేశారు. తాము వెనుక వరుసలో గుమ్మము ప్రక్కన కూర్చున్నారు. ఇప్పుడు ప్రతి శనివారము సాయంత్రము వచ్చి, ఎదురెదురు మరలు కొద్దికొద్దిగా బిగించి శ్రుతి చూచి వెళ్తారు. ఆదివారము ఒకసారి వస్తారు, ఒకసారి రారు. మేము అడుగము. గుమ్మము ప్రక్క ఆ చోటు మాత్రము ఖాళీగా ఉంచుతున్నాము.

గాయక బృందముల వారికి మా సంఘము చేసుకొన్న మూడు కట్టుబాట్లు మనవి చేసి ముగిస్తాము. మొదటిది, పాత కీర్తన పాడునప్పుడు తబలా, హార్మోనియము చాలును. డ్రమ్ము మౌనముగా ఉంటుంది. తక్కిన పాటలకు బేస్ డ్రమ్ములో దుప్పటి పెట్టి, కర్రలకు బదులు బ్రష్షులతో వాయిస్తాము. వెనుక వరుసలోని అవ్వకు మాట వినబడినదా అని ప్రతి ఆదివారము అడుగుతాము. రెండవది, దేవాలయపు వస్తువు ఏదైనను, దాని స్వభావము ఎరిగినవానిని అడుగకుండా ముట్టుకొనము. ఈ కట్టుబాటు మొదట కాపరికి వర్తిస్తుంది. మూడవది, వాయించేవానిలో గాని పాడేవానిలో గాని తప్పు ఉంటే ఇంటికి వెళ్ళి, కూర్చుండి, మెల్లగా చెప్పుతాము. పదిమంది ఎదుట చెప్పము.

నూరు సంవత్సరములలో మన డయోసిస్ ఎన్నో దేవాలయములు కట్టినది, ఎన్నో పాఠశాలలు నడిపినది. ఆ లెక్కలు ఈ సంచికలో ఇతరులు వ్రాస్తారు. ఈ నూరేండ్లలో కర్రలు క్రింద పెట్టి బయటకు వెళ్ళినవారి లెక్క కూడ మన దగ్గర ఉండవలెను. ప్రతి సంఘములో అట్టివారు ఒకరిద్దరైనా ఉంటారు. వారి ఇల్లు మీకు తెలుసును. ఈ ఉత్సవములు ముగియకముందే ఒక్కసారి ఆ గుమ్మము ఎక్కండి. రెండుసార్లు పంపివేసినా మూడవసారి వెళ్ళండి. వెళ్ళునప్పుడు మీరు పగులగొట్టినది ఏదైనా ఉంటే దానిని చేతబట్టుకొని వెళ్ళండి.

ప్రభువు మన సంఘములను కాపాడును గాక.